తంగేడు కాటేజీ మంగళవారాలు

జూలై 1, మంగళవారం

నన్ను కుర్చీతో సహా స్టోర్ రూంలోకి మార్చారు. పక్కన దిండ్లు, దుప్పట్లు, ఫినాయిల్ డబ్బాలు. ఎదురుగా ఒక స్క్రీన్.

పొద్దున బెంగళూరు కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నా వయసే ఉంటుంది. కాంటాక్ట్‌లెస్ చెక్-ఇన్ అంటే ఏమిటో రిసార్ట్‌లో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. గెస్ట్ ఇంట్లోనే ఫోన్‌లో ఆధార్ అప్‌లోడ్ చేస్తాడు, ఒక సెల్ఫీ తీసుకుంటాడు, డబ్బు కట్టేస్తాడు. ఇక్కడికి వచ్చి కాటేజీ తలుపు ముందు ఫోన్ పెడితే పచ్చ లైట్ వెలిగి తలుపు తెరుచుకుంటుంది. ఫ్రంట్ డెస్క్ దగ్గర ఆగే పనే లేదు. ఆ డెస్క్ వెనక ఉండేది నేనే అని ఆమెకు తెలుసో లేదో.

నెల రోజులు ట్రయల్. నెలాఖరుకు ఓనర్ సార్ వచ్చి చూస్తారు. బాగుందనుకుంటే డెస్క్ ఎత్తేస్తారు. డెస్క్ పోతే నేను ఏమవుతానో అడిగాను. మేనేజర్ బాలాజి సార్ చూస్తాంలే సౌమ్యా అన్నాడు. చూస్తాం అని ఆయన అన్న పని ఏదీ అయినట్టు నాకు గుర్తులేదు. పైప్ లీకేజీ కూడా రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు.

ఇంకో సంగతి. ఆ అమ్మాయి మీ హౌస్ రూల్స్ చెప్పండి, సిస్టంలో పెడతాను అంది. బాలాజి సార్ గడగడా చెప్పాడు. చెకౌట్ టైం, బయటి భోజనం తేకూడదు, కుక్కలు వద్దు, లాన్‌లో బాంబులు కాల్చకూడదు. అసలు రూల్ మాత్రం చెప్పలేదు.

అసలు రూల్ లోకల్ ఐడి. పెనుకొండ చుట్టుపక్కల అడ్రస్ ఉన్న ఆధార్‌కి రూం ఇవ్వం. ఊళ్ళో ఇల్లుండగా రూం ఎందుకు, ఏదో తిరకాసు ఉంటుంది అని లెక్క. ఇది ఎక్కడా రాసి ఉండదు. ఆధార్ తిప్పి చూస్తాను, అడ్రస్ ఇక్కడిదైతే నవ్వుతూ రూములు ఖాళీ లేవు సార్ అంటాను. నా వెనక బోర్డు మీద తాళాలన్నీ వేలాడుతూ ఉంటాయి. వాళ్ళూ ఆ తాళాలు చూస్తారు. ఎవరూ ఏమీ అనకుండా వెళ్ళిపోతారు.

పైకి చెప్పుకునే రూల్ కాదు కాబట్టి బాలాజి సార్ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నన్నెవరు అడిగారు?

జూలై 3

హైవే మీద క్రాస్ దగ్గర ఫ్లెక్సీ కట్టారు. మీ ఫోనే మీ తాళంచెవి, ఎవరినీ అడగనక్కర్లేదు అని. ఆ రెండో ముక్క నన్నే తిట్టినట్టు ఉంది.

జూలై 5, శనివారం

మొదటి వీకెండ్. స్టోర్ కిటికీలోంచి దొంగచూపులు చూశాను.

హిందూపురం నుంచి ఒక కుటుంబం వచ్చింది. ముసలాయన ఫోన్ పెట్టగానే పచ్చ లైట్ వెలిగింది, తలుపు తెరుచుకుంది. ఆయన మాత్రం లోపలికి పోడు. తెరిచిన తలుపు తట్టి లోపల ఎవరన్నా ఉండారా అని అడుగుతున్నాడు. మనవరాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. నేను పరిగెత్తుకుపోయి రాండి తాతా అనబోయి ఆగిపోయాను. గెస్టులకు కనబడకూడదని ఆర్డర్.

తర్వాత కార్ల ఫ్యాక్టరీ ఇంజనీర్లు ఇద్దరు తలెత్తకుండా వచ్చారు, తలెత్తకుండా వెళ్ళారు. వాళ్ళకి నేను ఉన్నా లేకున్నా ఒకటేనేమో ఇన్నాళ్ళూ.

స్క్రీన్ మీద మనుషులు ఉండరు. చుక్కలు ఉంటాయి. లోపలుంటే పచ్చ, తలుపు తెరిచుంటే పసుపు. పేరులో మొదటి అక్షరం, పిన్‌కోడ్, అంతే. మిగతాదంతా ఓనర్ లాగిన్‌లోనే కనిపిస్తుందట, ప్రైవసీ అట. డెస్క్ దగ్గరైతే సంతకం పెట్టేలోపు సగం తెలిసిపోయేది. కారులో ఎవరు ఎవరితో పోట్లాడారో, పిల్లాడు యాడ వాంతి చేసుకున్నాడో, ఈ సెలవు ఎవరి బలవంతం మీద వచ్చిందో. నాకు ఆ కబుర్లంటే పిచ్చి. జీతం కన్నా ఎక్కువేమో.

సాయంత్రం బస్ దిగి హసీనాబీ దగ్గరికి పోయాను. మా వీధి చివర టైలర్. శ్రావణంలో చిన్నాన్న కూతురి పెళ్ళికి బ్లౌజ్ ఇచ్చి ఎన్నాళ్ళయిందో. మెరూన్ పైపింగ్ గుడ్డ కూడా నేనే కొనిచ్చాను. రేపు రా పాపా, చేతులు మాత్రం అతికించేది ఉండాది అంది. పోయిన వారం కూడా చేతులే అతికించేది ఉండింది.

జూలై 8, మంగళవారం

ఒక విచిత్రం.

పొద్దున పదింటికి తంగేడు కాటేజీ చుక్క పచ్చగా మారింది. మా కాటేజీలన్నిటికీ చెట్ల పేర్లు. తంగేడుకే సొంత స్విమ్మింగ్ పూల్ ఉంది, చుట్టూ గోడ. చిన్నదే, నాలుగు బారలు వేస్తే అయిపోతుంది. వీకెండ్‌లో తప్ప ఎవరూ తీసుకోరు. మామూలు రోజుల్లో పగటిపూటకే తక్కువ రేటుకి డే-యూజ్ ఆఫర్ పెట్టినా తీసుకోలేదు.

పేరు హ. పిన్‌కోడ్ పెనుకొండ.

లోకల్ ఐడి! నా చెయ్యి దానంతట అది లేచింది. రూములు లేవు సార్ అనడానికి ఎదురుగా ఎవరూ లేరు. మెషిన్‌కి ఆ రూల్ తెలియదు. చెప్పినవాళ్ళు లేరు కదా.

రెండింటికి చుక్క ఆరిపోయింది. క్లీనింగ్‌కి పోయిన నల్లమ్మ బిత్తరపోయి వచ్చింది. పరుపు మీద ముడత లేదంట. ఏసీ వెయ్యలేదంట, టీ పొట్లాలు ముట్టుకోలేదంట. టవళ్ళన్నీ మాత్రం పిండితే బకెట్ నిండేట్టు తడిసి ఉండాయంట.

జూలై 9

నల్లమ్మ తీర్పు ఇచ్చేసింది. అది మనిషి కాదంట, నీళ్ళకోసం వచ్చే దెయ్యమంట. దెయ్యానికి ఆధార్ యాడిది అని అడిగాను. ఇప్పుడు అందరికీ ఇస్తాండారు పాపా అంది.

జూలై 15, మంగళవారం

మళ్ళీ వచ్చింది. లేదా వచ్చాడు. హ. పది నుంచి రెండు.

ఈసారి నల్లమ్మతో నేనూ పోయాను, గెస్ట్ వెళ్ళిపోయాక. పూల్ నీళ్ళ మీద కొబ్బరినూనె తెట్టు. గట్టంతా తడి. ఒక మూల తినేసిన చింతకాయ పెంకులు, కాగితంలో చక్కగా చుట్టిపెట్టి ఉన్నాయి. మంచం అంచు మీద కూర్చున్న గుర్తు కూడా లేదు.

ఇంటికి పోయేదాకా ఆలోచించాను. లవర్స్ అనుకుందామా, పరుపు ముడత పడలేదు. తాగడానికనుకుందామా, గ్లాసు కదల్లేదు. ఇంట్లో గొడవపడి వచ్చారా? అయితే మంగళవారమే ఎందుకు పడతారు? ఏదో మొక్కా? చింతకాయల మొక్కు నేనెక్కడా వినలేదు. నాకు రాత్రి అన్నం కూడా సరిగ్గా సయించలేదు. ఎవరో ఏమిటో తెలియకపోతే నాకు ఒళ్ళంతా దురద పెట్టినట్టు ఉంటుంది.

జూలై 16

బాలాజి సార్‌కి తెలిసిపోయింది. నల్లమ్మ నోరు.

నా మీద కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. సీసీటీవీ తీయించి చూశాడు. పక్క గేటు నుంచి బురఖా వేసుకున్న ఒక ఆమె, చేతిలో గుడ్డసంచి. అంతే కనిపించింది. ఆయన నన్ను స్టోర్‌లో కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. ఈడ ఏదో తప్పు పని జరుగుతాండాది, వెనక గోడ దూకి ఎవడో వస్తాంటాడు, వాళ్ళెవరో నువ్వు కనుక్కో అన్నాడు. ఓనర్‌కి చూపిస్తే ఈ ఫోన్ తాళాలన్నీ పీకిపారేస్తాడు, మళ్ళీ డెస్క్, మళ్ళీ నువ్వు, నీకే మంచిది కదా అన్నాడు. ఓనర్‌కి రిసార్ట్ పేరు చెడిపోతుందంటే ఎంత భయమో మాకు తెలుసు.

నిజమే. నాకే మంచిది. పైగా నాకు కనుక్కోవాలనే ఉంది. ఒక పనికి రెండు కారణాలు దొరికితే ఎంత హుషారుగా ఉంటుందో.

జూలై 18

నాయన మళ్ళీ బత్తలపల్లి సంబంధం ఎత్తాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆగుదామన్నావు, ఇప్పుడు ఉద్యోగమే ఊగులాడుతాండాది అంట కదా అన్నాడు. ఎవరు చెప్పారో. నెలాఖరు దాకా ఆగు నాయనా అన్నాను. పెళ్ళంటే నాకు పగేమీ లేదు. కానీ పొద్దున లేచి చీర కట్టుకుని, బ్యాడ్జ్ పెట్టుకుని, నా పని నేను చేసుకునే ఆ డెస్క్ పోతే నాకు నేను ఎవరో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. భయంగా ఉంది. రాసుకుంటే తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

జూలై 22, మంగళవారం. పొద్దున 10:20

చుక్క పచ్చబడింది. హ వచ్చేసింది. నేను రెడీ.

మధ్యాహ్నం 12:05

యాప్‌లో మెసేజ్. తంగేడు కాటేజీకి ఇంకో రెండు టవళ్ళు కావాలి, గుమ్మం బయట పెట్టండి అని.

మధ్యాహ్నం 1:00

వరసగా రాయాలి.

టవళ్ళు నల్లమ్మకి ఇవ్వకుండా నేనే తీసుకుపోయాను. గుమ్మం ముందు పెట్టాను. రూల్ ప్రకారం వెనక్కి వచ్చేయాలి. నేను గన్నేరు పొద పక్కన నిలబడ్డాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఒక చెయ్యి వచ్చింది, టవల్ అందలేదు, ఇంకొంచెం తెరుచుకుంది. మనిషి బయటికి వంగింది.

హసీనాబీ!

మా హసీనాబీ. కళ్ళద్దాలు లేవు, జుట్టు తడిసి నెత్తికి అతుక్కుపోయి ఉంది. మెడ నుంచి చీలమండ దాకా నల్లటి డ్రెస్, ఒంటికి పట్టినట్టు తానే కుట్టుకుంది. నేను పొదలోంచి ఎప్పుడు బయటికి వచ్చానో నాకే తెలియదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నా నోట రాకూడని మాట వచ్చింది. నా బ్లౌజ్ ఇందుకేనా అక్కా కాలేదు అన్నాను.

అప్పుడు చూశాను. ఆ నల్ల డ్రెస్‌కి మెడ చుట్టూ మెరూన్ పైపింగ్. నేను కొనిచ్చిన గుడ్డ!

ఆమె మెడ తడుముకుని, మిగిలిన ముక్క పాపా అంది. ఎంత సిగ్గుపడుతూ అందంటే నాకు నవ్వాగలేదు. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవురికీ చెప్పొద్దు, నీకు దండం పెడతా అంది. నేను తల ఊపాను. ఆమె వెనక, గోడల మధ్యలో, పూల్ నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి. లోపల ఇంకెవరూ లేరు. గోడ దూకినవాడూ లేడు. ఈత కొట్టడానికి వచ్చింది. అంతే.

సాయంత్రం

బాలాజి సార్ అడిగాడు. టవళ్ళు గుమ్మంలో పెట్టి వచ్చేశాను, ఎవరూ కనబడలేదు అన్నాను. ఆయన నా చెప్పుల వైపు చూశాడు. గుమ్మంలో కారిన నీళ్ళకు తడిగా ఉన్నాయి.

జూలై 24, గురువారం

వీక్లీ ఆఫ్. హసీనాబీ షాపుకి పోయాను. నన్ను చూడగానే మెషిన్ ఆపి, లోపల గదిలోకి తీసుకుపోయి, స్టూల్ వేసి కూర్చోబెట్టింది. బ్లౌజ్ తీసి ఒళ్ళో పెట్టింది. అయిపోయింది. చేతులు కూడా అతికించింది. లంచమా అక్కా అంటే, చీ, శ్రావణం వచ్చేసింది కదా అంది.

తర్వాత చెప్పింది. నేను అడక్కుండానే చెప్పింది.

ఆమె పుట్టింది బుక్కపట్నంలో. నాయన అమీర్‌సాబ్ చెరువులో చేపలు పట్టేవాడు. ఈమె పుట్టి పడవలో కూర్చుని వలలు సర్దేది. పొద్దు పోక నీళ్ళలోకి దూకేది. అన్నలకన్నా బాగా ఈదేదంట, కట్ట మీద నిలబడి జనం చూసేవాళ్ళంట. పెద్దమనిషి అయిన రోజు అమ్మ ఇంగ నీళ్ళలోకి పోవద్దు అంది. అంతే పాపా, దాని తరువాత నేను నీళ్ళు అంటే బిందెలోనే చూసినా అంది. పెళ్ళయి పెనుకొండకు వచ్చింది. పిల్లలు, మెషిన్, అత్త జబ్బు. మొన్న యాభై రెండో ఏడు వచ్చిన రోజు, నేను మళ్ళా ఈత కొట్టకుండానే చచ్చిపోతానేమో అని అనిపించిందంట. ఏడుపొచ్చిందంట.

హిందూపురంలో పూల్ ఉందని పోయిందంట. పిల్లలు యాడుండారు, ఎవురికి నేర్పించాల అని అడిగారంట. ఈమె సిగ్గుపడి, ఫీజు కనుక్కోను వచ్చినా అని చెప్పి వచ్చేసిందంట. ధర్మవరంలో ఒక లాడ్జికి పోతే ఆధార్ చూసి, ఒంటరి ఆడమనిషిని చూసి, రూములు లేవన్నారంట. నవ్వుతా చెప్పినాడు పాపా, అదే నాకు కడుపు మండింది అంది.

నేను బ్లౌజ్ గుండీలు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత హైవే మీద మా ఫ్లెక్సీ చూసి రిసార్ట్‌కి వచ్చిందంట. ఇంట్లో ధర్మవరం పోతాండా, లైనింగ్ గుడ్డ తెచ్చుకోవాల అని చెప్తుందంట. లైనింగ్ బస్సులో పార్సిల్ వచ్చేస్తుంది. తడి జుట్టు స్కార్ఫ్ కిందికి. మొదటి మంగళవారం భర్త యూనస్‌ భాయ్ బ్లీచింగ్ వాసన వస్తాండాది ఏమిటి అని అడిగితే, రైల్వే స్టేషన్ బాత్‌రూం కడగతాండారు అని చెప్పిందంట. మొదటి డ్రెస్ పాత చుడీదార్‌తో కుట్టిందంట. నీళ్ళలోకి దిగగానే గాలి నిండి పూరీ మాదిరి ఉబ్బి పైకి లేచిందంట, మునగాలన్నా మునగలేకపోయిందంట. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. బయట పని నేర్చుకునే అమ్మాయిలు ఏమైందక్కా అని కేకేశారు.

నేను అడిగాను, యూనస్ భాయ్‌కి తెలిస్తే కొడతాడా అని. అయ్యో, ఆయప్ప మెత్తనోడు, కొట్టడు, నవ్వుతాడు అంది. నవ్వి అందరికీ చెప్తాడు, వీధంతా నవ్వుతారు, ఎందుకు, ఏమిటికి, ఈ వయసులో ఏం పోయేకాలం అని అడుగుతారు. తప్పని దాచిపెట్టలేదు పాపా, నాదని దాచిపెట్టుకున్నా అంది.

చివర్లో అడిగింది. మీ వాళ్ళకి తెలిసిపోయిందా, ఈ మంగళవారం నేను వచ్చేదా వద్దా అని. రా అక్కా అన్నాను. అనేశాను.

జూలై 26, శనివారం

బాలాజి సార్ ఇంక నన్ను అడగడం మానేశాడు. అదే భయం. మధ్యాహ్నం నల్లమ్మ చెప్పింది. ఓనర్ సార్ మంగళవారమే వస్తున్నాడంట. బాలాజి సార్ కావాలని ఆ రోజే పెట్టించాడంట. పదకొండింటికి ఆయన్ను తంగేడు దగ్గరికి తీసుకుపోయి, పూల్ మోటార్ రిపేర్ అని తలుపు కొట్టించి, ఉన్నపళంగా పట్టుకుంటారంట. నల్లమ్మను సాక్షిగా రమ్మన్నాడంట.

బాలాజి సార్ చెడ్డవాడు కాదు. నా ఉద్యోగం కోసం కూడా చేస్తున్నాడు. అది నాకు ఇంకా చిరాకుగా ఉంది.

జూలై 27

హసీనాబీ దగ్గరికి పోయి చెప్పాను. ఈ మంగళవారం వద్దు అక్కా అన్నాను. కత్తెర పక్కన పెట్టింది. నేనేమన్నా దొంగతనం చేస్తాండానా పాపా, దుడ్లు కట్టి వస్తాండా కదా అంది. పోయిన మంగళవారమే ఈ వారానికి కూడా కట్టేసినా, వస్తా, తలుపు కొడితే తియ్యను అంది. మొండిది. చెరువులో దూకిన పిల్ల ఎట్లా ఉండేదో అర్థమైంది.

జూలై 28

నోరు మూసుకుంటే డెస్క్ ఉంటుంది. నోరు మూసుకుంటే రేపు ఆమె తడి బట్టలతో నలుగురు మగవాళ్ళ ముందు నిలబడుతుంది, సాయంత్రానికి పెనుకొండంతా తెలుస్తుంది. ఇంతకన్నా తిప్పి రాయడానికి నాకు ఏమీ లేదు.

జూలై 29, మంగళవారం

ఓనర్ సార్ పదిన్నరకే వచ్చాడు. లావుగా, తెల్ల షర్ట్, కన్నడం తెలుగు కలిపి మాట్లాడతాడు. స్టోర్‌లో స్క్రీన్ చూశాడు. చుక్కలు చూసి ముచ్చటపడ్డాడు. బాలాజి సార్ టైం చూసుకుంటూ, ఒక ముఖ్యమైన విషయం చూపించాల సార్, తంగేడు దగ్గరికి పోదాం అన్నాడు. ఇద్దరూ గుమ్మం దాటబోయారు.

నేను అడ్డం నిలబడ్డాను. అంత ధైర్యం యాడ నుంచి వచ్చిందో.

తంగేడులో ఉన్నది ఒక ఆడమనిషి సార్, నేను చూశాను అన్నాను. ఒక్కతే. ఈత కొట్టుకోవడానికి వస్తుంది. పేరు చెప్పను. మీ లాగిన్‌లో ఉంటుంది, మీరు చూసుకోవచ్చు, కానీ తలుపు కొట్టొద్దు. మన ఫ్లెక్సీ మీద ఎవరినీ అడగనక్కర్లేదు అని మనమే రాశాం, నమ్మి వచ్చింది అన్నాను.

బాలాజి సార్ లోకల్ ఐడి సార్ అది అన్నాడు. ఓనర్ సార్‌కి అర్థం కాలేదు. అట్లంటే ఏమి అన్నాడు. నిజంగానే తెలియదు! రిసార్ట్ ఆయనది, రూల్ ఆయనకు తెలియదు. బాలాజి సార్ నన్ను చూశాడు, నేను బాలాజి సార్‌ని చూశాను. ఆ రూల్ ఎవరు పెట్టారో ఇద్దరికీ తెలియదు. నాకు ముందున్న అబ్బాయి నాకు చెప్పాడు, అతనికి ముందున్నవాడు అతనికి చెప్పి ఉంటాడు. మొత్తానికి నేనే వివరించాను. ఊరివాళ్ళు వస్తే రూములు లేవంటాం సార్, ఖాళీగా ఉన్నా అన్నాను.

ఓనర్ సార్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. మామూలు రోజుల్లో తంగేడు ఎవురన్నా తీసుకుంటాండిరా అని అడిగాడు. లేదు సార్ అన్నాను. మరి ఖాళీగా పెట్టుకుని ఊరోళ్ళని తరిమేదేమి, బుద్ధి ఉండాల్నా అని బాలాజి సార్‌ని కేకలేశాడు. ఆయమ్మను కదిలించొద్దు, లోకల్ గీకల్ అనొద్దు, మెషిన్ ఎట్లుండాదో అట్లే ఉండనీ అన్నాడు.

గెలిచాననుకున్నాను. ఒక్క నిమిషం.

తర్వాత ఆయన నా వైపు తిరిగి, చూడమ్మా, నువ్వు చెప్పింది చూస్తే నాకొకటి అర్థమైంది, ఈ డెస్క్ వల్లే జనం రాకుండా పోతాండారు అన్నాడు. తిట్టలేదు. మెచ్చుకున్నట్టే చెప్పాడు. ఈ నెలతో డెస్క్ తీసేస్తాం, నీకు ఇంకో నెల జీతం ఇప్పిస్తా అన్నాడు.

రెండింటికి తంగేడు చుక్క ఆరిపోయింది. ఆమెకు ఏమీ తెలియదు. హాయిగా ఈదుకుని వెళ్ళిపోయింది.

జూలై 30

బస్సులో ఏడ్చాను. పక్కనావిడ వక్కాకు ఇచ్చింది.

ఆగస్టు 1, శుక్రవారం

డెస్క్‌ని నలుగురు మోసుకుపోయారు. నేను అనుకున్నంత బరువు లేదట. లోపల అంతా ప్లైవుడ్డే. ఉన్న చోట టైల్స్ మిగతా నేలకన్నా తెల్లగా ఉన్నాయి.

బాలాజి సార్ మాట్లాడడనుకున్నాను. బయటికి వచ్చి, హిందూపురంలో తెలిసిన హాస్పిటల్ ఉండాది, రిసెప్షన్‌లో అడుగుతా అన్నాడు. చూస్తాంలే అనలేదు. అడుగుతా అన్నాడు.

నాయనకు చెప్పాను. బత్తలపల్లి సంబంధం ఎత్తుతాడనుకున్నాను. ఏం జరిగిందని అడిగాడు. ఒక గెస్ట్‌ని కాపాడబోయి పోగొట్టుకున్నాను అన్నాను. ఎవరా గెస్ట్ అన్నాడు. చెప్పను అన్నాను. కంచం నా ముందుకు జరిపి, అన్నం తిను అన్నాడు.

ఆగస్టు 3

హసీనాబీకి ఎవరు చెప్పారో, నల్లమ్మే అయి ఉంటుంది. ఇంటికి వచ్చింది. అమ్మ ఎదురుగా ఏమీ అనలేదు. కొలత తీసుకోవాలని నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. టేపు నా భుజాల మీద వేసి అట్లే పట్టుకుని నిలబడింది. నా కోసం ఎందుకు చేసినావు పాపా అంది. తెలియదు అక్కా అన్నాను. కోపంగా కూడా ఉంది, నీ మీద కూడా కొంచెం ఉంది అన్నాను. ఉండనీ అంది. నిజంగానే కొలతలు రాసుకుంది. చేతులు, నడుము, కాళ్ళ పొడవు కూడా. ఏం కుడుతున్నావంటే చెప్పలేదు.

ఆగస్టు 5, మంగళవారం

తంగేడు. నా పేరు, నా సెల్ఫీ, నా పెనుకొండ అడ్రస్. పచ్చ లైట్.

అక్క కుట్టిచ్చిన డ్రెస్‌లో నడుము దాకా దిగి ఏడుపు ముఖం పెట్టాను. హసీనక్క నన్ను వెల్లకిలా పడుకోబెట్టి వీపు కింద చేతులు పెట్టింది. కాళ్ళని మర్చిపో పాపా, పైకి చూడు అంది. చూశాను. చెవుల్లో నీళ్ళు. ఎవరి మాటా వినబడలేదు.

కాసేపటికి తల తిప్పితే ఆమె గట్టు దగ్గర ఉంది. రెండు చేతులూ ఎత్తి జుట్టు ముడి వేసుకుంటోంది.